మంత్రి కుజుడు

మునివెంకటప్ప వసారాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్త పంచాంగం ఉంది. పోయిన వారం కథలో ఆయన్ను మనం అక్కడే వదిలేసి వచ్చాం. రాత్రంతా ఆయన అక్కడే ఉన్నాడు, మనమే ఇళ్ళకు పోయి సుఖంగా పడుకున్నాం.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. కాణిపాకానికి దగ్గర్లోని నెల్లిమానుపల్లెలో ఉగాదినాడు పంచాంగం చదివేది మునివెంకటప్పే. ఆయన పురోహితుడు కాడు, జ్యోతిష్కుడూ కాడు. ఎరువుల అంగడి, కొంచెం మామిడితోట ఉన్న మనిషి. గొంతు బాగుంటుంది, చదివినదాన్ని ఊరికి అర్థమయ్యేట్టు విడమరిచి చెబుతాడు. ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. తోటను గుత్తకు ఇవ్వాలా వద్దా అన్నది పంచాంగం విన్న తర్వాతే తేల్చుకుంటారు. గుత్త అంటే కాయ పిందెగా ఉండగానే కాపు మొత్తాన్నీ ఒక ధరకు వ్యాపారికి అప్పజెప్పడం. ఆ తర్వాత ధర పడిపోతే ఏడ్చేది వ్యాపారి, పెరిగితే ఏడ్చేది రైతు.

పోయిన ఉగాదికి మునివెంకటప్ప శాలువా కప్పుకుని, "ఈ ఏడు పండ్లకు మంచి గిరాకీ ఉండాది, గుత్తకు ఇయ్యొద్దు, కోతదాకా పట్టుకోండి" అని చదివాడు. ఊరంతా పట్టుకుంది. కోతలొచ్చేసరికి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి, కాయకు ధర పెట్టి కొనే నాథుడు లేడు. ఎండకు మగ్గి కుళ్ళిన తోతాపురి మామిడిని రోడ్డు పక్కన పారబోసి, ముక్కు మూసుకుని ఇంటికొచ్చారు జనం. కొందరు చెట్లే కొట్టేశారు.

నిన్న సాయంత్రం ఇద్దరి దగ్గర్నుంచి మాట వచ్చింది. ధర్మేంద్ర స్వయంగా వచ్చాడు. మామిడి వ్యాపారి, రాబోయే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి నిలబడబోతున్న మనిషి. ఈ ఉగాదికి రెండే రెండు మాటలు చదవమన్నాడు. కొత్తవాళ్ళకు అధికార యోగం ఉందని ఒకటి, పండ్ల ధర నిలవదు కాబట్టి తోటలు ముందే గుత్తకు ఇచ్చేయడం మేలని రెండోది. ఆయన పోయాక నిరుడు కాయ పారబోసుకున్న రైతు లోహిత నుంచి కబురొచ్చింది. పోయిన ఏడు చదివింది పంచాంగంలో ఉన్న మాటేనా, లేక ఎవరైనా చెప్పించిన మాటా? పొద్దున్నే ఆటో తెస్తున్నాను, కాణిపాకం పోదాం, తలకు నీళ్ళు పోసుకుని తడిబట్టలతో స్వామి ముందర చెప్పమంది.

ఇదీ కథ. ఇప్పుడు తెల్లారింది.

కాణిపాకం ప్రమాణమంటే టీవీల్లో చూసేవాళ్ళకు నవ్వులాట. ఒక పార్టీ నాయకుడు "కాణిపాకం రా, తేల్చుకుందాం" అని అరుస్తాడు, రెండో పార్టీవాడు "నువ్వే రా" అంటాడు. ఇద్దరూ రారు. కానీ చుట్టుపక్కల పల్లెల్లో అది నవ్వులాట కాదు. అక్కడ అబద్ధపు ప్రమాణం చేసినవాళ్ళను వినాయకుడు వదలడని నమ్మకం. పొలం గట్టు తగాదాలో సాక్షులను తెచ్చుకుని కొట్లాడుకున్నవాళ్ళు కూడా గుడి మెట్ల దాకా వెళ్ళి, తప్పు తమదైతే అక్కణ్ణుంచే తల వంచుకుని తిరిగొచ్చేస్తారు. మునివెంకటప్ప కూడా ఆ పల్లెల మనిషే.

ఆయన పంచాంగం తెరిచాడు. ఈసారి ఉగాది గురువారం పడింది కనుక పరాభవ నామ సంవత్సరానికి రాజు గురుడు. సూర్యుడు మేషంలోకి వచ్చేది మంగళవారం కనుక మంత్రి కుజుడు. రాజు మంచివాడే, పాలకులు ధర్మం తప్పరు, వానలు కురుస్తాయి. మంత్రి మాత్రం తగాదాకోరు. రాజ్యాల మధ్య కలహాలు, నిప్పు భయం, ధరలకు నిలకడ ఉండదు. ఊళ్ళో అప్పుడే లెక్కలు మొదలయ్యాయి. గురుడంటే ఇప్పుడున్న సర్పంచి అనీ కుజుడంటే ధర్మేంద్ర అనీ టీ అంగడి దగ్గర ఒకరంటే, కాదు తిరగేసి చెప్పాలని ఇంకొకరు.

ఆయన ఆ పేజీని మళ్ళీ మళ్ళీ చదివాడు. అందులో తోతాపురి ఎక్కడుంది? నెల్లిమానుపల్లె సర్పంచి ఎక్కడున్నాడు? ఎక్కడా లేరు. పుస్తకంలో ఉన్నది గుడ్డ మాత్రమే. దాన్ని ఊరి ఒంటికి సరిపోయేట్టు కుట్టాల్సింది చదివేవాడే. రాబోయే ఏడాది ఏమవుతుందో తెలుసుకోవాలని ఎవరికుండదు? సూట్లు వేసుకున్నవాళ్ళు టీవీల్లో గ్రాఫులు చూపించి చెప్పేదీ ఇదే, మునివెంకటప్ప చెప్పేదీ ఇదే. కాకపోతే వాళ్ళ జోస్యం తప్పితే వాళ్ళ ఇంటి ముందుకు ఆటో రాదు.

రూపశ్రీ కాఫీ గ్లాసు తెచ్చి తండ్రి పక్కన పెట్టింది. చిత్తూరు దారిలో ఒక గుజ్జు ఫ్యాక్టరీలో, ట్రాక్టర్లకు తూకం వేసేచోట ఆమెకు ఉద్యోగం. డ్యూటీకి పోయే చీర కట్టుకుంది కానీ పోయే తొందరేమీ కనబడలేదు.

"తాగు నాయనా. రాత్రి కూడా సరిగ్గా తినలేదు."

"లోహిత వస్తాదా?"

"వస్తాది. నువ్వు మాత్రం పోవద్దు."

"పోకుంటే దొంగ అనుకుంటారు కదమ్మా."

"పోతే ఏమని చెప్తావు?"

మునివెంకటప్ప గ్లాసు అందుకున్నాడు కానీ తాగలేదు. "పంచాంగంలో ఉండేదే చదివినానని చెప్తాను."

"ఉండిందా?"

ఆయన చూపు ఒళ్ళోని పంచాంగం మీదికి పోయింది. వంటింట్లో భార్య జ్ఞానాంబ చట్నీకి వేసిన మిక్సీ గరగరమంటోంది.

ఉన్నది దాచకుండా చెప్పేద్దాం. పోయిన ఏడు ఉగాదికి ముందు ఒక రాత్రి అన్నం తింటూ రూపశ్రీ, "మా ఫ్యాక్టరీకి ఈసారి ఆర్డర్లు బాగా ఉండాయంట నాయనా, కాయ చాలదంట" అంది. మునివెంకటప్ప ఆ మాటను మజ్జిగతో పాటు మింగి, ఉగాదినాడు గ్రహాల నోట్లో పెట్టి బయటికి తీశాడు. అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఆయనకున్న ఆశ వేరు. అంతకు ముందు ఏడు ఆయన చెప్పినట్టే వాన పడింది. అప్పట్నుంచీ "మునెంకటప్ప నోట పడితే జరిగి తీరతాది" అని ఊరు అంటోంది. ఆ మాట ఇంకోసారి వినాలని ఆశ. మనిషిని చెడగొట్టడానికి అది చాలు.

"చదివేటప్పుడు నాకు తప్పనిపించలేదు రూపా. నిజమే కదా, ఎవరి నోటి నుంచి వస్తే ఏమిలే అనుకున్నాను. ఇప్పుడు స్వామి ముందర నిలబడి పంచాంగంలో ఉండిందని ఎట్ల చెప్పేది? నా కూతురు చెప్పిందని నిన్ను ఎట్ల బయట పెట్టేది? రెండూ నా చేత కాదు."

రూపశ్రీ తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"ఇంకోటి ఉండాది నాయనా. నీకి చెప్పలేదు."

"ఏంది?"

"ఆ ఆర్డర్ల మాట నాకి ఫ్యాక్టరీలో ఎవురూ చెప్పలేదు. ధర్మేంద్రన్న చెప్పినాడు. తూకం కాడికి వచ్చి, 'ఈసారి ఆర్డర్లు బాగుండాయమ్మా, మీ నాయనకి చెప్పు, రైతులు బాగుపడతారు' అన్నాడు. మంచికే చెప్తా ఉండాడు అనుకున్నాను."

మునివెంకటప్ప గ్లాసు కింద పెట్టాడు.

"అదే వారం, ఉగాదికి ముందే, గోడౌన్లోకి పోయినాను. పాత గుజ్జు డ్రమ్ములు పైకప్పు తగిలేదాకా పేర్చి ఉండాయి. అంత సరుకు మిగిలిపోయి ఉంటే కొత్త కాయ ఎవురు కొంటారు? నాకి తట్టింది. తట్టినా అడగలేదు, ఇంటికొచ్చి నీకి చెప్పనూ లేదు."

"ఎందుకమ్మా?"

"అప్పుడే నన్ను పర్మినెంట్ చేస్తా ఉండారు. మేనేజర్‌తో నా గురించి మాట్లాడింది ధర్మేంద్రన్నే."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయనకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఆయన మనసులో మాత్రం నిరుటి లెక్క మొత్తం తేటతెల్లమైపోయింది. ధర పడిపోతుందని ధర్మేంద్రకు ముందే తెలుసు. ఏటా ఊరి తోటలన్నీ గుత్తకు తీసుకునే మనిషి ఆ ఏడు తీసుకోనంటే ఊరు మొహం మీదే అడుగుతుంది, రేపు ఓట్లూ పోతాయి. అదే రైతులే ఇవ్వం అంటే? ఆయనకు నష్టమూ లేదు, నిష్ఠూరమూ లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర, కుళ్ళబోతున్న కాయను కొంత తను అడిగిన కారుచౌక ధరకు కొనుక్కుని పోయాడు కూడా. ఆ పనికి వాడుకున్నది ఎవరిని? కూతురి నోటినీ, తండ్రి గొంతునూ.

మునివెంకటప్పకు వచ్చింది కోపం కాదు. భయం. తను ఇన్నేళ్ళుగా ఊరికి చెప్పిన ప్రతి మాటా ఎవరు ఎవరి ద్వారా పంపిందో అన్న భయం.

"ఈ ఏడు డ్రమ్ములు ఉండాయా?" అని నెమ్మదిగా అడిగాడు.

"లేవు. గోడౌన్ ఖాళీ చేసి, చిమ్మి, సున్నం కొట్టినారు."

"అందుకే గుత్తకు ఇమ్మని చదవమంటా ఉండాడు. ఈసారి ధర పెరుగుతాదని ఆయనకి తెలుసు."

"ధర సంగతి ఈసారి నేనేమీ చెప్పను నాయనా. పోయిన ఏడు చెప్పిందే చాలు."

వంటింట్లో మిక్సీ ఎప్పుడు ఆగిందో వాళ్ళిద్దరూ గమనించలేదు. వెనక దొడ్లో నీళ్ళ చప్పుడు వినబడింది కానీ అది రోజూ వినబడేదే.

ఇంతలో ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది.

లోహిత ముందు దిగింది, వెనకాలే నలుగురు రైతులు దిగారు. ముప్పై దాటని మనిషి, పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పుడు గలగలా మాట్లాడేది. ఇప్పుడు అవసరమైతే తప్ప నోరు తెరవడం లేదు. నిరుడు కాయ పారబోశాక ఆమె మొగుడు గిరి తోటలో సగం చెట్లు కొట్టించి, శ్రీ సిటీలో ఒక కంపెనీలో షిఫ్టు పనికి చేరాడు. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చి పోతుంటాడు. మిగిలిన సగం చెట్లకు ఈసారి కాపు విరగబడి వచ్చింది. వాటినీ కొట్టేసే మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. ఆ చెట్ల కింద ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

"మామా, పోదామా?" అంది లోహిత. గొంతులో కోపం లేదు. దానికే మునివెంకటప్ప ఎక్కువ జంకాడు.

"కూచోమ్మా. రవంత కాఫీ..."

"వద్దు మామా. నేను నిన్ను నలుగురిలో అగడు చేసేదానికి రాలేదు. ఉగాది వస్తా ఉండాది. నువ్వు మళ్ళా చదువుతావు, మేము మళ్ళా వింటాము. వినాల్నా వద్దా అనేది నాకి తెలియాల. గిరికి ఫోన్ చేస్తే 'చెట్లు ఉంచాల్నా కొట్టాల్నా చెప్పు' అంటాడు. నేనేం చెప్పేది? గ్రహాలు తప్పినాయంటే సరే, మా కర్మ అనుకుంటాము. మనుషులు తప్పించినారంటే ఇంకోసారి మోసపోము. అంతే."

వీధిలో మోటారుసైకిలు ఆగింది. ధర్మేంద్ర దిగకుండానే, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా నలగలేదు.

"ఏంది లోహితా, పొద్దున్నే పెద్దాయన్ని పట్టుకున్నావు? ఏమప్పా, పంచాంగంలో ఉండేదే చదివినానని ఒక్క మాట చెప్పేస్తే అయిపోయె. కాణిపాకం దాకా ఎందుకు?"

మునివెంకటప్ప ఆయన వంక చూశాడు. ఇంత ఖాతరు లేకుండా నవ్వుతున్న ఈ మొహాన్నా తను ఇన్నేళ్ళు ఆప్యాయంగా "అబ్బా" అని పిలిచింది అనుకున్నాడు. లేచి నిలబడ్డాడు. భుజం మీది శాలువా జారి వసారాలో పడింది, తీసుకోలేదు.

"లోహితా, కాణిపాకం అక్కర లేదమ్మా. ఈడనే చెప్తాను. పోయిన ఏడు నేను చదివిన మాట పంచాంగంలో లేదు."

ఆటో డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. ధర్మేంద్ర నవ్వు మాత్రం మొహం మీదే మిగిలిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"నిరుటి పుస్తకంలో ధరలకు నిలకడ లేదని మాత్రమే ఉండింది. గుత్తకు ఇయ్యొద్దు, కోతదాకా పట్టుకోండి అనేది నా నోటి నుంచి వచ్చింది. నేను నమ్మే చెప్పినాను. నమ్మినానని మీ కాయ కుళ్ళకుండా పోలేదు. మీరు ఏం చేసినా పడతాను. ఇంక నేను చదవను."

రైతుల్లో ఒకాయన "అయ్యో" అన్నాడు మెల్లగా. అది తిట్టు కంటే కష్టంగా ఉంది వినడానికి.

లోహిత మొహంలో కొంచెం వెలుగొచ్చింది. నిజం వినబడితే కొందరికి అట్లా ఉంటుంది, అది తమకు చేటు చేసిన నిజమే అయినా. కానీ ఆమె అక్కడితో వదిలిపెట్టలేదు.

"నీకై నీకి తట్టిన మాట కాదు మామా అది. నీకి ఫ్యాక్టరీల సంగతి ఏం తెలుసు? ఎవురు చెప్పినారు?"

ఆయన గడప వైపు చూడబోయి ఆగిపోయాడు.

"ఎవురు చెప్పినారో తెలిస్తే ఈ ఏడు ఎవుర్ని నమ్మకూడదో తెలుస్తాది. పేరు చెప్పు. లేదంటే ఆటో ఎక్కు, స్వామి ముందర చెబుదువు."

ధర్మేంద్ర బండి దిగాడు. స్టాండు వేశాడు. ఆయన కళ్ళు మునివెంకటప్ప మీద లేవు, గడపలో నిలబడిన రూపశ్రీ మీద ఉన్నాయి. ఫ్యాక్టరీలో నీ కుర్చీ ఎవరు వేయించిందో గుర్తుంచుకో అన్నట్టుంది ఆ చూపు. మునివెంకటప్పకు అది అర్థమైంది. ఇంకోటి కూడా అర్థమైంది. ఇప్పుడు ధర్మేంద్ర పేరు చెబితే, "నీకు ఎప్పుడు చెప్పినాడు?" అని అడుగుతారు. అప్పుడు కూతురి పేరు రాక తప్పదు. నిండుగా ఉన్న డ్రమ్ములు చూసి కూడా నోరు మూసుకుందని తేలాక, ఈ ఊళ్ళో ఆ పిల్ల తల ఎత్తుకుని తిరగలేదు. చెట్లు కొట్టుకున్న ప్రతి ఇంటివాళ్ళూ ఆమెను చూసి మొహం తిప్పుకుంటారు.

రూపశ్రీ గడప దాటింది. "లోహితక్కా..." అంది.

మునివెంకటప్ప చెయ్యి ఎత్తి వద్దన్నాడు. ఆమె ఆగలేదు, ఇంకో అడుగు వేసింది.

"నేను చెప్పినాను."

ఆ మాట అన్నది రూపశ్రీ కాదు. అందరూ ఇంటి పక్క సందు వైపు తిరిగారు. జ్ఞానాంబ దొడ్డి దారిన వస్తోంది. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చీర ఒంటికి అతుక్కుని ఉంది. పిండుకోలేదు, తుడుచుకోలేదు. అడుగు వేసినచోటల్లా మట్టి తడుస్తోంది.

"అమ్మా," అంది రూపశ్రీ.

"నువ్వు లోపలికి పో. డ్యూటీకి పొద్దు పోలేదా?" అని, జ్ఞానాంబ నేరుగా లోహిత ముందుకు వచ్చి నిలబడింది. "నాకి కలొచ్చింది లోహితా. మామిడికాయలు బండ్లకెత్తుకుని జనం నవ్వుకుంటా పోతా ఉన్నట్టు కల. ఈయనకి చెప్పినాను. మంచి కల, ఊరికి చెప్పు అని పోరినాను. నా పోరు పడలేక చదివినాడు. తప్పు నాది."

ధర్మేంద్ర పెద్దగా ఊపిరి వదిలాడు. "కలంట. ఇంకేం, తేలిపోయె. ఇండ్లకు పోండి అందరూ." ఆయన చెయ్యి అప్పుడే బండి తాళం మీదికి పోయింది.

లోహిత కదల్లేదు. జ్ఞానాంబ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకు గోరింటాకు పెట్టింది ఈ చేతులే. ఈ మనిషి పక్కింటి కోడి పెట్టిన గుడ్డు తన గడ్డివాములో దొరికినా తీసుకెళ్ళి ఇచ్చి వస్తుంది. వినాయకుడి పేరెత్తితే చెప్పులు విడిచి నిలబడుతుంది. అలాంటి మనిషే ఇప్పుడు అబద్ధం చెబుతోందని లోహితకు అనిపించింది. కానీ అనిపించడం వేరు, తెలియడం వేరు. పోయిన ఏడు అనిపించినవాటి మీదే కదా ఊరు ఊరంతా మునిగింది.

"అయితే ఆ మాటే స్వామి ముందర చెప్పత్తా," అంది.

"చెప్తాను. అందుకే తలకు పోసుకుని వచ్చినాను. ఆడికి పొయ్యి మళ్ళా పోసుకుంటా."

"జ్ఞానాంబా," అన్నాడు మునివెంకటప్ప. ఊరికి ఏడాది మొత్తం ముందే చెప్పే మనిషికి, ఎదురుగా జరగబోతున్నది ఒక్కటి ఆపడానికి మాట దొరకలేదు. వసారా మెట్లు దిగాడు, ఆటో కడ్డీ పట్టుకున్నాడు. భార్య ఆయన వేళ్ళను ఒక్కొక్కటీ విడదీసి చేయి పక్కకు పెట్టింది.

"నువ్వు ఈడనే ఉండు. రూపని ఒక్కదాన్నే వదలొద్దు," అంది నెమ్మదిగా. అని ఆటో ఎక్కి కూర్చుంది. సీటు మీది నుంచి నీళ్ళు కిందికి కారాయి. లోహిత వచ్చి పక్కన కూర్చుంది.

రూపశ్రీ పరుగెత్తుకొచ్చింది. ధర్మేంద్ర దారికి అడ్డంగా నిలబడ్డాడు, "ఉండమ్మా, పెద్దోళ్ళు చూసుకుంటారు" అంటూ. ఆమె ఆయన్ను తోసుకుని వచ్చేలోపల డ్రైవరు ఇంజన్ తిప్పాడు.

"అత్తా," అంది లోహిత, ఇద్దరికి మాత్రమే వినబడేట్టు. "ఆడ అబద్ధం చెప్పినోళ్ళు ఏమైపోతారో నీకి తెలుసు కదా."

జ్ఞానాంబ తడి కొంగు భుజం నిండా కప్పుకుంది.

"తెలుసమ్మా. నీకంటే నాకే బాగా తెలుసు. ఆటో పోనీమను."